పెట్టెలో పెట్టిన సమాధుల పుస్తకం

తబిత పుట్టి పెరిగింది సమాధుల తోట పక్కింట్లో. మధ్యలో గోడ కూడా లేదు, ఒక గోంగూర మడి ఉండేది, అంతే. కొవ్వూరు దాటి ఏటిగట్టు వెంట కిందికి వస్తే తగిలే ఊరది. వాళ్ళ నాన్న రాజరత్నం నలభై ఒక్క ఏళ్ళు ఆ తోటకి కాపలా. గొయ్యి తీసేదీ ఆయనే, పూడ్చేదీ ఆయనే, పుస్తకంలో రాసేదీ ఆయనే. చదివింది అయిదో తరగతి. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. ఇప్పుడు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు సంతకం పెడితే కోడి కెలికినట్టుంటుంది, ఆ సంగతి ఇక్కడెందుకు.

పుస్తకం మాట ముందు చెప్పాలి. ఆ తోటలో రాతి సమాధులు పట్టుమని ముప్ఫై ఉండవు. మిగతావన్నీ మట్టి దిబ్బలు. కూలి జనం, పలక వేయించేదెవరు? ఒక కర్ర సిలువ పాతేవాళ్ళు. రెండు వానాకాలాలకి సిలువ పోయేది, నాలుగు వానాకాలాలకి దిబ్బ పోయేది. వరసల్లేవు, నెంబర్లు లేవు. అందుకని రాజరత్నం పక్కవాళ్ళని బట్టి రాసేవాడు. ‘దానియేలు మాస్టారికి ఎడమ, మార్తమ్మకి కాళ్ళ వైపు’ అని. ఒకరి ఆనవాలు ఇంకొకరు. అలా ఎనిమిది వందల పన్నెండు పేర్లు. ఆ పుస్తకం చూసుకునే కొత్త గొయ్యి తీసేవాడు. నలభై ఒక్క ఏళ్ళలో ఆయన గునపం ఒక్క పాత పెట్టెకి తగల్లేదు. అది ఆయన పంతం.

తబితకి ముప్ఫై నాలుగేళ్ళు. రోజూ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి ఎం.సి.ఎ. చదివింది, అక్కడే ఒక కాలేజీలో కంప్యూటర్ల విభాగంలో పనికి కుదిరింది. పెళ్ళి సంగతి ఎత్తినవాళ్ళని ఆమె చూసే చూపు ఒకటుంది, మళ్ళీ ఎత్తరు. ఆ ఉద్యోగానికి ఆమె పేరు చెప్పింది శ్యాంబాబు. అదే ఊరు, అదే లూథరన్ గుడి, అదే కాలేజీలో పై ఉద్యోగం. చుట్టరికం ఏమీ లేదు, అయినా పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం జావా అనే కంప్యూటర్ భాష నేర్పించాడు. “అన్నయ్యా” అని పిలిచేది. నోటి పిలుపు కాదు, మనసులోంచే పిలిచేది.

సంఘ కమిటీకి కార్యదర్శి కూడా శ్యాంబాబే. సమాధుల పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కించాలని మొదట అన్నదీ అతనే. పని ఇద్దరూ పంచుకున్నారు. ఎవరి పక్కన ఎవరున్నారో కంప్యూటరుకి అర్థమయ్యేలా ప్రోగ్రామ్ రాయడం తబిత వంతు. గుడి ఆఫీసు గదిలో సర్వర్ పెట్టి దాన్ని సరిగ్గా కుదర్చడం శ్యాంబాబు వంతు.

అప్లికేషన్ సర్వర్ అంటారు దాన్ని. పేరు విని హడలిపోనక్కర్లేదు. పెళ్ళిలో వడ్డన చేసే మనిషి లాంటిది. అడిగింది తెచ్చి పెడుతుంది, ఇచ్చింది పుచ్చుకుంటుంది. సరుకు దాచే కొట్టుగది మాత్రం వేరే ఉంటుంది, అది డేటాబేస్. ఫలానా గదిలో దాచు, ఇదిగో తాళం అని సర్వర్‌కి ఒక చిన్న ఫైలులో రాసి పెట్టాలి. రాయకపోతే ఆ సర్వర్ లబోదిబోమనదు. ఇచ్చినదంతా తన చేతుల్లోనే పట్టుకుని నిలబడుతుంది. చూపించమంటే చూపిస్తుంది కూడా. కరెంటు పోయి కూలబడ్డ రోజున మాత్రం చేతుల్లో ఏమీ ఉండదు.

ప్రారంభోత్సవం ఈస్టరు తర్వాత ఆదివారం. పై సంఘం నుంచి పెద్దలొస్తున్నారని గుడికి మామిడాకులు కట్టారు. ముఖ్య అతిథి కారు రావులపాలెం దాటిందని ఫోనొచ్చేసరికి శ్యాంబాబు ఆఫీసు గదిలో చెమటలు కక్కుతున్నాడు. తబిత గుమ్మంలోంచి తొంగి చూసింది.

“ఏమైందన్నయ్యా? నన్ను చూడమంటావా?”

“నువ్వు టీల సంగతి చూడమ్మా. ఇది నేను చూసుకుంటాను.”

పావుగంటకి నవ్వు మొహంతో బయటికొచ్చాడు. “ఎక్కింది. బ్రహ్మాండం.” లోపల ప్లగ్గు మీద ఒక కాగితం అంటించాడు: ‘ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదు.’ ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నారు జనం. శాలువా అతనికే కప్పారు. తబిత టీ పళ్ళెం పట్టుకుని ఉంది.

స్త్రీల సమాజంలో నూకరత్నం అని ఒకావిడ ఉంది. నోరు ఊరుకోదు. “ఏమ్మా తబితా, ప్రోగ్రామ్ రాసింది నువ్వంట, శాలువా ఆయనకంట. నీకు కనీసం కప్పూ సాసరైనా ఉంచుతారా, కడిగిచ్చేయాలా?” అంది.

“ఎవరికి కప్పితే ఏంటి పిన్నీ” అని నవ్వేసింది తబిత. నిజంగానే పట్టించుకోలేదు.

ఆ వేసవంతా సాయంత్రాలు తండ్రీ కూతుళ్ళు గుడి ఆఫీసులో కూర్చున్నారు. ఆయన చదివేవాడు, ఆమె కొట్టేది.

“చిన్న జకరయ్య. భార్య సారమ్మకి తల వైపు. పాపం, బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఎదురొస్తుంటే పక్క సందులోకి జారుకునేవాడు. ఇప్పుడెక్కడికి పోతాడు?”

“నాన్నా, అవన్నీ రాయక్కర్లేదు.”

“రాయకు. తెలిసుండాలని చెప్పాను.”

ఒక్కో పేరు కొట్టగానే తెర మీద పచ్చ రంగులో ‘భద్రపరచబడింది’ అని వచ్చేది. ఆ మాట వచ్చే దాకా ముసలాయన రెండో పేరు చదివేవాడు కాదు. మొదటి రోజు అడిగాడు, “అంటే ఏంటమ్మా?”

“దాచేసింది నాన్నా. ఇంక పోదు.”

ఆగస్టు ఆఖరుకి ఎనిమిది వందల పన్నెండూ ఎక్కేశాయి. రోజూ ఒక కాపీ వేరే చోట పడేలా చేయమని తబిత శ్యాంబాబుని మూడు సార్లు అడిగింది. “దానంతటదే పడుతుందమ్మా, అన్నీ పెట్టేశాను” అన్నాడు. సర్వర్ తాళం, అదే పాస్‌వర్డు, అతని దగ్గరే ఉండేది. ఇంకో కాపీ పాస్టరు గారి డైరీలో ఉండేది. అన్నయ్య చూసుకుంటుంటే ఆమెకెందుకు?

సెప్టెంబరు మొదటి వారంలో రాజరత్నానికి జ్వరం వచ్చింది. నాలుగో రోజున పోయాడు.

పెట్టె గుమ్మం ముందు దించారు. తబిత వాళ్ళమ్మ ఏసమ్మ ఏడవలేదు. లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. అట్టలు చిరిగిన బైబిళ్ళు, పాటల పుస్తకాలు అక్కడెవరూ పాత కాగితాలకి అమ్మరు. ఎవరో ఒక విశ్వాసి పోయినప్పుడు పెట్టెలో పెట్టి పంపుతారు. “ఇదీ ఆయనతోనే పోవాలి. కంప్యూటర్లో ఎక్కిందిగా” అంది ఏసమ్మ.

తబిత జనంలో శ్యాంబాబు కోసం చూసింది. దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది.

“అన్నయ్యా, అన్నీ భద్రంగా ఉన్నాయిగా? పుస్తకం పెట్టేయొచ్చా?”

శ్యాంబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టరు గారు చూస్తున్నారు. కమిటీ ప్రెసిడెంటు యుగంధర్ గారు చూస్తున్నారు.

“పెట్టేయొచ్చమ్మా. ఇలా ఇవ్వు, నేను పెడతాను.”

తనే వంగి, రాజరత్నం చేతుల కింద పుస్తకం సర్ది, గుడ్డ మడత కూడా సరిచేశాడు. ఎంత ప్రేమండీ బాబూ అనుకున్నారు అందరూ. తబితకి ఆ ఘడియలో కన్నీళ్ళు వచ్చింది నాన్న పోయినందుకు కాదు, ఇలాంటి మనిషి ఒకడు పక్కనున్నందుకు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. అరటి చెట్లు నేలకొరిగాయి, రెండు రోజులు కరెంటు లేదు. గుడి ఆఫీసులో బ్యాటరీ మొదటి పూటకే చేతులెత్తేసింది. మూడో రోజు పొద్దున్న కరెంటొస్తే, కాలేజీకి పోతూ పోతూ తబిత సర్వర్ ఆన్ చేసి చూసింది.

తెర మీద ఎప్పుడూ పైన ఒక వరస ఉంటుంది. మొత్తం సమాధులు: 812, నాన్న పేరు ఆమె ఇంకా కొట్టలేదు. ఆ పొద్దున్న ‘మొత్తం సమాధులు: 0’ అని ఉంది.

ఆపి మళ్ళీ ఆన్ చేసింది. సున్నా. కుర్చీలో కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. తన ప్రోగ్రామ్‌లోనే తప్పుందనుకుంది, ముందు తనని తానే తిట్టుకుంది. పాస్టరు గారి డైరీలోంచి పాస్‌వర్డు తీసుకుని లోపలికి వెళ్ళింది. రోజువారీ కాపీలున్న చోటు వెతికింది. ఉన్నాయి. తేదీల వారీగా నూట తొంభై దాకా బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఒకటి తెరిచింది, ఖాళీ. ఇంకోటి, ఖాళీ. శ్యాంబాబు కొట్టుగదికి రోజూ ఫోటో తీయించాడు, కొట్టుగదిలో ఏనాడూ గింజ పడలేదు.

అప్పుడు ఆ చిన్న ఫైలు తెరిచింది. డేటాబేస్ ఎక్కడుందో చెప్పే లైను అందులో లేదు. తీసేశారు. తీసింది శ్యాంబాబు పేరుతో, ఈస్టరు తర్వాతి ఆదివారం, పొద్దున్న తొమ్మిదీ నలభైకి. అప్పటికి ముఖ్య అతిథి కారు రావులపాలెం దాటింది. ఆవేళ డేటాబేస్‌కి దారి కుదరలేదు, పరువు పోతుందని ఆ లైను పీకేశాడు. అన్నీ సర్వర్ చేతుల్లోనే ఉన్నాయి. తెర మీద ఏ లోటూ కనపడలేదు. ప్లగ్గు మీద ఆ కాగితం ఎందుకో ఆమెకి అప్పుడు తెలిసింది.

తిన్నగా అతనింటికి వెళ్ళింది. శ్యాంబాబు వసారాలో పెసరట్టు తింటున్నాడు.

“పేర్లు పోయాయన్నయ్యా.”

అతను ఏ పేర్లనీ అడగలేదు. ఎలా పోయాయనీ అడగలేదు. చెయ్యి ఆగింది, అంతే.

“ఆ లైను నువ్వు తీశావు.”

“ఆ పూటకే తబితా. సాయంత్రం మార్చేద్దామనుకున్నాను. మార్చాలంటే సర్వర్ ఆపాలి, ఆపితే అప్పటికి ఎక్కించినవి పోతాయి. మర్నాటికి మీరిద్దరూ అరవై ఎక్కించారు, వారానికి నూటయాభై. ఏమని చెప్పను?”

“చెబితే మళ్ళీ కొట్టేదాన్ని. పుస్తకం చేతిలో ఉంది, నాన్న ఉన్నాడు.”

“భయమేసింది.”

“మరి ఆ రోజు? పెట్టె దగ్గర అడిగాను కదా. నోరు తెరిచి అడిగాను.”

“అంతమంది ముందు, శవం ఎదురుగా ఏం చెప్పమంటావు?”

“పెట్టొద్దని చెప్పాలి. ఒక్క మాట. ఎందుకని నేను అడిగేదాన్ని కూడా కాదు, నువ్వు చెప్పావంటే.”

శ్యాంబాబు పెసరట్టు పక్కకి జరిపాడు. “ఇది మనిద్దరి మధ్యే ఉంచుదాం, కమిటీకి నేను నచ్చజెబుతాను” అన్నాడు. ఆ మాట మీదా ఆమె కాస్త నమ్మకం పెట్టుకుంది. అదీ ఆమె పిచ్చితనం.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆఫీసు గదిలోనే కమిటీ కూర్చుంది. తబితనీ ఏసమ్మనీ పిలిపించారు. శ్యాంబాబు నచ్చజెప్పింది ఇదీ: “ప్రోగ్రామ్‌లో ఏదో లోపం ఉందండి. అమ్మాయి కొత్త కదా, పైగా తండ్రి పోయిన బాధలో ఉంది. మనం ఏమీ అనకూడదు.”

ఏమీ అనకూడదంటూనే అనాల్సిందంతా అనేశాడు. తబిత లేచి ఆ ఫైలు తెరిచి చూపించింది, తేదీ చూపించింది, లేని లైను చూపించింది. యుగంధర్ గారు కళ్ళజోడు పైకెత్తి చూశారు, కిందికి దించి చూశారు. అంతా ఇంగ్లీషు, అంతా చుక్కలూ గీతలూ. “ఏం రాసుందయ్యా ఇందులో?” అని అడిగారు. ఎవర్ని? శ్యాంబాబుని! చదివి చెప్పగలిగినవాడు అతనొక్కడే కాబట్టి.

“మామూలు సెట్టింగండి. దీనికీ దానికీ సంబంధం లేదు” అన్నాడు శ్యాంబాబు.

యుగంధర్ గారు గొంతు సవరించుకున్నారు. “సమాధుల పండుగ పది రోజుల్లో ఉంది. రేపు ఎవరైనా పోతే గొయ్యి ఎక్కడ తీయాలి? పుస్తకం పైకి తీయక తప్పదు. అనుమతులు నేను చూసుకుంటాను. ఏసమ్మగారూ, నువ్వూ సంతకం పెడితే చాలు.”

అంటే రాజరత్నం గొయ్యి తవ్వాలి. తల్లి మొహం చూడలేకపోయింది తబిత.

“సంతకం మాట తర్వాతండి” అంది. “ముందు మీ అందరి ముందూ ఒకటి చేస్తాను. చదవక్కర్లేదు, చూస్తే చాలు. ఏదైనా పేరు చెప్పండి.”

కిటికీ దగ్గర నిలబడ్డ నూకరత్నం, “నా పేరు రాయవే. ఎలా ఉంటుందో బతికుండగానే చూసుకుంటాను” అంది.

తబిత రాసింది. ‘భద్రపరచబడింది’ అని పచ్చగా వచ్చింది. మొత్తం సమాధులు: 1. వెళ్ళి ప్లగ్గు లాగేసింది. మళ్ళీ పెట్టింది. సర్వర్ లేచే దాకా అందరూ నిలబడి చూశారు. మొత్తం సమాధులు: 0.

“ఇంకా పోలేదన్నమాట నేను” అంది నూకరత్నం.

తబిత ఆ ఫైల్లో పోయిన లైను తిరిగి రాసింది. డేటాబేస్‌కి దారి కుదరడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ రోజు శ్యాంబాబుకి దొరకనిది అయిదు నిమిషాల పని. ప్రోగ్రామ్‌ని ముట్టుకోలేదు. మళ్ళీ నూకరత్నం పేరు రాసింది, ప్లగ్గు లాగింది, పెట్టింది.

మొత్తం సమాధులు: 1.

“ఇప్పుడు ఖాయంగా పోయాను” అంది నూకరత్నం. “ప్రోగ్రామ్ అదే కదే? మారింది ఆ లైనొక్కటేనా? మరి దాన్ని పీకిందెవరు?”

యుగంధర్ గారు శ్యాంబాబు వైపు తిరిగారు. ఈసారి అతను సెట్టింగ్ అనలేదు. “అతిథులు వచ్చేశారండి ఆ రోజు... తర్వాత మారుద్దామని...”

“పెట్టెలో పుస్తకం సర్దింది ఈ చేతులే కదూ” అంది ఏసమ్మ. ఆ పొద్దున్న ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

తబిత ఎదురు చూసింది. ఇప్పుడైనా ఒకరు ‘పొరపాటు పడ్డామమ్మా’ అంటారని. శ్యాంబాబు అనలేదు. యుగంధర్ గారు ఇద్దరి వైపూ చెయ్యి ఊపి, “అయిందేదో అయింది. ఇద్దరూ మన పిల్లలే. బయట అల్లరి చేసుకోవద్దు. ముందు పుస్తకం సంగతి చూద్దాం” అన్నారు. అబద్ధం ఆడినవాడూ మన పిల్లాడే, నింద పడ్డదీ మన పిల్లే. లెక్క సరిపోయింది వాళ్ళకి.

“నేను సంతకం పెట్టను” అంది ఏసమ్మ. “గట్టు పక్క నేల. మూడడుగుల్లో నీళ్ళు తగులుతాయి, ఆ పైన వాయుగుండం. ఆ పుస్తకం ఈపాటికి ముద్దయిపోయుంటుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ మీ వాళ్ళెవరికీ గునపం తగలనివ్వలేదు. మీరు ఆయనకి తగిలిస్తారా?”

“మరి మా వాళ్ళ సమాధులమ్మా?” అన్నారు కమిటీలో ఒకరు.

“నేను మళ్ళీ రాస్తాను” అంది తబిత. “సమాధుల పండుగ రోజు అందరూ వస్తారు కదా. ఎవరి వాళ్ళ తల దగ్గర వాళ్ళు నిలబడండి. నేను తిరిగి రాసుకుంటాను. నాన్నని మాత్రం కదపనివ్వను.”

నవంబరు రెండున తెల్లవారేసరికి తోటంతా జనం. సున్నాలు కొట్టారు, బంతిపూలు చల్లారు, కొవ్వొత్తులు పెట్టారు. అయితే ఆ ఏడాది పెట్టి వెళ్ళిపోలేదు. ఎవరి దిబ్బ తల దగ్గర వాళ్ళు నిలబడ్డారు, దిబ్బ లేనివాళ్ళు గుర్తున్న చోట. తబిత నోటు పుస్తకంతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. “మీ ఎడమ ఎవరు? కాళ్ళ వైపు ఎవరు?” కొందరు పోట్లాడుకున్నారు, మా అత్త ఇక్కడంటే మా తాత ఇక్కడని. కొందరు రెండడుగులు ఇటు జరిగి, మళ్ళీ అటు జరిగి ఏడ్చారు. ఎవరూ నిలబడని నేల చాలా మిగిలింది. వాళ్ళందరి ఆనవాలూ ముసలాయనకొక్కడికే తెలుసు. పొద్దు వాలేసరికి అయిదు వందల తొంభై పేర్లు వచ్చాయి. మిగతావి రావు. ఎప్పటికీ రావు.

తూర్పు వైపున శ్యాంబాబు తన తల్లి సమాధి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కొవ్వొత్తి ఆరిపోయి ఉంది, చూసుకోలేదు. తబిత అతన్ని దాటి పోలేదు. మిగతా అందరి ముందూ ఆగినట్టే ఆగింది.

“మీ ఎడమ ఎవరండీ?”

పన్నెండేళ్ళలో ఆమె అతన్ని ‘అండీ’ అనడం అదే మొదలు. శ్యాంబాబు పెదవులు కదిలాయి. “తబితా...”

“ఎడమ వైపండీ.”

“అబ్రహాము తాత. కాళ్ళ వైపు రూబీ వాళ్ళ నాన్నమ్మ.”

ఆమె రాసుకుంది. రాసుకుని, రెండు దిబ్బల అవతల నిలబడ్డ నూకరత్నం దగ్గరికి వెళ్ళింది.

“పిన్నీ, శ్యాంబాబు గారి అమ్మగారికి ఎడమ అబ్రహాము తాతేనా?”

“అతను చెప్పాడుగా?”

“చెప్పారు. నువ్వు చెప్పు.”